సెర్బియా పుట్టింది ఎప్పుడు? నేను 1878 పెట్టాను, కీలో 2006 ఇచ్చారు

కృష్ణాతీరం_రవి
మొన్న ఆదివారం రాసిన మాక్ టెస్ట్‌లో ఒక ప్రశ్న ఇంకా మనసులోంచి పోవట్లేదు. "సెర్బియా స్వతంత్ర రాజ్యంగా ఏ సంవత్సరంలో అవతరించింది?" ఆప్షన్లు 1830, 1878, 1918, 2006. బెర్లిన్ ఒప్పందం గుర్తొచ్చి 1878 పెట్టాను. కీలో 2006 ఉంది. మార్కు పోయింది, పైగా నెగెటివ్ పడింది. కోచింగ్ సెంటర్లో అడిగితే "ఇప్పుడున్న సెర్బియా 2006లోనే వచ్చింది, మ్యాపు చూసుకో" అన్నారు.

ఇంటికొచ్చి వెతికితే ఇంకా చిక్కుపడింది. ఒకచోట 1217, ఒకచోట 1346, ఇంకోచోట 1804, మరోచోట 1882. 1389లో కొసావో యుద్ధంలో ఓడి రాజ్యం పోగొట్టుకున్నారని కూడా చదివాను. ఒక దేశానికి ఇన్ని పుట్టినరోజులేంటి? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. మెయిన్స్‌లో ప్రపంచ చరిత్ర ఉంది, బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవాలని ఉంది.

ఫుట్‌బాల్_బాషా
2006 వరల్డ్ కప్ చూసినవాళ్ళు దీన్ని మర్చిపోలేరు. "సెర్బియా అండ్ మాంటెనెగ్రో" పేరుతో జట్టు దిగింది. మొదటి మ్యాచ్ జూన్ 11న, నెదర్లాండ్స్‌తో. అప్పటికి మాంటెనెగ్రో విడిపోయి వారం దాటింది. ఆ పేరుతో దేశం లేదు, జట్టు మాత్రం మైదానంలో ఉంది. తర్వాతి మ్యాచ్‌లో అర్జెంటీనా 6-0 కొట్టింది. ఆ ఆటగాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తే. నా ఓటు 2006కి.

లాయరమ్మ
బాషా గారూ, మ్యాచ్ సంగతి నిజమే కానీ ఓటు తప్పు. 2006లో సెర్బియా విడిపోలేదు, మిగిలిపోయింది.

2003 ఫిబ్రవరిలో "సెర్బియా, మాంటెనెగ్రో" అని ఒక వదులు సమాఖ్య పెట్టుకున్నారు. మూడేళ్ళు గడిచాక ఎవరికి కావాలంటే వాళ్ళు బయటికి పోవచ్చని దాని చార్టర్ 60వ అధికరణంలోనే రాసుకున్నారు. ఒకరు పోతే రెండోవాళ్ళకి అంతర్జాతీయ హోదా వారసత్వంగా దక్కుతుందనీ అక్కడే ఉంది. 2006 మే 21న మాంటెనెగ్రోలో రెఫరెండం జరిగింది. విడిపోవాలంటే 55 శాతం రావాలి, 55.5 వచ్చింది. జూన్ 3న వాళ్ళు స్వాతంత్ర్యం ప్రకటించారు. జూన్ 5న సెర్బియా పార్లమెంటు కూర్చుని, సమాఖ్యకి వారసులం మేమే అని తీర్మానించింది. సెర్బియాలో రెఫరెండం లేదు, విడిపోతారా అని జనాన్ని అడిగినవాళ్ళు లేరు.

ఐక్యరాజ్యసమితిలో సీటు సెర్బియా పేరుతో అలాగే కొనసాగింది. కొత్తగా దరఖాస్తు పెట్టుకుని 192వ సభ్యురాలిగా చేరింది మాంటెనెగ్రో. కాబట్టి ఆ ప్రశ్నలో "అవతరించింది" అన్న మాటే చెల్లదు.

నల్లగొండ_నరేశ్
గట్లయితే 1878 కరెక్టే కదా. తమ్ముని మార్కు తమ్మునికి ఇచ్చెయ్యాలె. ముచ్చట అయిపాయె.

తెనాలి_మాస్టారు
అప్పుడే అవలేదు నాయనా. 1878 పెట్టినందుకు రవికి మార్కు రావాల్సిందే, అందులో పేచీ లేదు. కానీ మిగతా తేదీలు ఎందుకు పుట్టుకొచ్చాయో తెలియకపోతే 1878 కూడా బట్టీ కిందే లెక్క.

సెర్బులకి 9వ శతాబ్దం నుంచీ పాలకులున్నారు. నిలదొక్కుకున్న రాజ్యం మాత్రం స్టెఫాన్ నెమాన్యాతో మొదలైంది, 1166 ప్రాంతం. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తికి ఒకసారి లొంగి, ఒకసారి తిరగబడి, చివరికి 1196లో గద్దె కొడుక్కి అప్పజెప్పి సన్యాసి అయిపోయాడు. తర్వాతి కథంతా ఆయన ఇద్దరు కొడుకులది. స్టెఫాన్ అనే కొడుకు 1217లో రోమ్ పోప్ దగ్గర్నుంచి కిరీటం తెప్పించుకుని రాజయ్యాడు. ఇంకొకడు రాస్త్కో, చిన్నప్పుడే ఇల్లు వదిలి గ్రీకు మఠాల కొండ మౌంట్ ఆథోస్ పోయి సావా అనే సన్యాసి అయ్యాడు. ఆయన 1219లో నైసియా వెళ్ళి, అక్కడున్న పాత్రియార్క్, అంటే తూర్పు చర్చి పెద్ద, దగ్గర సెర్బియా చర్చికి స్వతంత్ర హోదా తెచ్చాడు. అన్న కిరీటం పడమటి నుంచి, తమ్ముడి చర్చి తూర్పు నుంచి. రెండేళ్ళ తేడాలో రాజ్యానికి రెండు కాళ్ళూ వచ్చాయి. ఈ రెండో కాలు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1346లో దుషాన్ అనే సెర్బియా రాజు స్కోప్యేలో "సెర్బులకూ గ్రీకులకూ చక్రవర్తి"గా పట్టం కట్టుకున్నాడు. ఆ స్కోప్యే ఇప్పుడు ఉత్తర మాసిడోనియా రాజధాని.

రవీ, ఇంకొక్కటి. 1389లో రాజ్యం పోలేదు. కొసావో మైదానంలో సెర్బు ప్రభువు లాజార్ చనిపోయాడు, ఒట్టోమన్ (టర్కీ) సుల్తాన్ మురాద్ కూడా చనిపోయాడు. సెర్బియా సామంతరాజ్యంగా మిగిలి, ఇంకో 70 ఏళ్ళు బతికింది. లాజార్ కొడుకు స్టెఫాన్ లాజారెవిచ్ బెల్‌గ్రేడ్‌ని రాజధాని చేసుకున్నదీ ఆ రోజుల్లోనే. 1427లో ఆయన పోయాక ఊరు హంగరీకి వెళ్ళిపోతే, తర్వాతివాడు బ్రాంకోవిచ్ డాన్యూబ్ ఒడ్డున స్మెదెరెవో కోట కట్టుకున్నాడు. అది 1459లో పడింది. రాజ్యం పోయిందంటే అప్పుడు పోయింది.

చరిత్రపిచ్చోడు
మాస్టారు దుషాన్‌ని ఒక్క వాక్యంలో దాటేశారు, నాకు ప్రాణం ఒప్పట్లేదు. ఆయన పట్టాభిషేకం కంటే ఆయన చట్టం గొప్పది. 1349లో సభలో ఆమోదించి 1354లో ఇంకొన్ని నియమాలు కలిపారు. అందులో 171, 172 నియమాలు చదివి ఆశ్చర్యపోయాను. చక్రవర్తి కోపంతోనో, ప్రేమతోనో, ఎవరిమీదో దయతోనో చట్టానికి విరుద్ధంగా ఉత్తరం రాస్తే న్యాయాధికారులు దాన్ని పట్టించుకోకూడదు. చక్రవర్తికి భయపడి కాదు, చట్టంలో ఉన్న ప్రకారం తీర్పు చెప్పాలి. ఈ మాట రాయించింది చక్రవర్తే! 14వ శతాబ్దంలో!

నా దృష్టిలో అది రాజ్యం అనడానికి ఈ కాగితమే సాక్ష్యం. అయితే దుషాన్ 1355లో పోయాడు, కొడుకు హయాంలో సామ్రాజ్యం ముక్కలైంది.

నల్లగొండ_నరేశ్
మాస్టారూ, పిచ్చోడన్నా, మీరు చెప్పేటియి మస్తుగున్నయి. కానీ 1459 నుంచి 1804 దాకా లెక్కవెట్టుండ్రి. 345 ఏండ్లు. రాజు లేడు, సైన్యం లేదు, ఖజానా లేదు. ఆ జాగల కొత్తగ ఇల్లు కట్టుకుని "ఇది మా తాతల ఇల్లే" అంటే ఎట్ల? జాగ అదే, ఇల్లు అది కాదు. నన్నడిగితే పాత సెర్బియా వేరే, కొత్త సెర్బియా వేరే.

బెల్‌గ్రేడ్_సుధ
నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం కాబట్టి నరేశ్ గారి ప్రశ్నకి నేను చూసింది చెప్తాను.

మాస్టారు గుర్తుపెట్టుకోమన్న రెండో కాలు ఉందే, అది విరగలేదు. ఒట్టోమన్ల కింద 1557లో పెచ్ పట్టణంలో సెర్బియా పాత్రియార్క్ పీఠాన్ని తిరిగి పెట్టారు. కూర్చున్నది మకారియె సొకొలోవిచ్, ఒట్టోమన్ల దగ్గర పెద్ద పదవిలో ఉన్న మెహ్మెద్ పాషా సొకొలోవిచ్‌కి బంధువు. ఒకే కుటుంబం, ఒకరు పాషా, ఒకరు పాత్రియార్క్. 1766లో సుల్తాన్ ఆ పీఠాన్ని రద్దు చేసేదాకా, రెండు వందల ఏళ్ళ పైన, ఊరూరా "మనం ఫలానా" అని గుర్తు చేసింది ఆ పీఠమే. పాత రాజుల్లో చాలామంది ఇక్కడ సాధువులుగా పూజలందుకుంటారు. స్టుడెనిత్సా మఠానికి వెళ్తే నెమాన్యా సమాధి ఉంటుంది, గోడల నిండా చిత్రాలు. చదువు రాని రైతుకి కూడా "మనకో రాజు ఉండేవాడు" అని ఆ గోడే చెప్పేది.

16వ శతాబ్దం చివర్లో సెర్బులు తిరగబడితే, ఒట్టోమన్ సేనాని సినాన్ పాషా ఏం చేశాడో తెలుసా? సావా అస్థికలని మఠం నుంచి బెల్‌గ్రేడ్ తెప్పించి తగలబెట్టించాడు. చనిపోయి మూడున్నర శతాబ్దాలు దాటిన మనిషి ఎముకలు! వాటిలో రాజ్యం లేకపోతే పాషాకి ఆ భయం ఎందుకు? ఆ చోటే అని నమ్మే వ్రాచార్ గుట్ట మీద ఇప్పుడు సావా పేరున పెద్ద గుడి ఉంది. మా బాల్కనీలోంచి దాని గోపురం కనిపిస్తుంది.

ఇంకోటి. ఇక్కడ ప్రతి కుటుంబానికీ ఒక సాధువు ఉంటాడు, తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు, ఏడాదికోసారి "స్లావా" చేస్తారు. మన ఇలవేల్పు లాగే అనిపించింది నాకు. రాజ్యం లేనప్పుడు ఇంట్లో నిలిచింది ఇదే.

చరిత్రపిచ్చోడు
సుధ గారూ, మీ మాట మనసుకి తగిలింది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. చర్చి జ్ఞాపకాన్ని దాచింది, రాజ్యాన్ని కాదు. 1690లో పాత్రియార్క్ అర్సేనియె వెంట వేలమంది డాన్యూబ్ దాటి హాబ్స్‌బర్గ్ (ఆస్ట్రియా రాజవంశం) నేలకి వలసపోయారు. వాళ్ళు అడిగి తెచ్చుకున్నవి మత హక్కులు, రాజ్యం కాదు. 1804లో తిరగబడ్డ రైతు కూడా "దుషాన్ సామ్రాజ్యం కావాలి" అని కత్తి పట్టలేదు. ప్రాణభయంతో పట్టాడు. అప్పటికి సెర్బు రైతుకి ఉన్న పేరు "రాయా". అంటే పన్ను కట్టే ప్రజ, ఆయుధం పట్టే హక్కు లేనివాడు.

అన్నపూర్ణ_బి
రాయా అంటే మన రైతేనండీ! అరబ్బీ "రఇయ్యత్" నుంచి మనకి పారసీ, ఉర్దూల మీదుగా "రైతు" వచ్చింది, వాళ్ళకి టర్కీ మీదుగా "రాయా" వెళ్ళింది. స్పాహీ అంటారు చూడండి, ఒట్టోమన్ గుర్రపు రౌతు, అది మన సిపాయి. వాళ్ళ భాషలో కొట్టుని "దుచాన్" అంటారట, మన దుకాణం. జేబుని "జెప్" అంటారట. సుధ గారూ, నిజమేనా?

బెల్‌గ్రేడ్_సుధ
నిజమే అన్నపూర్ణ గారూ. టీని "చాయ్" అనే అంటారు, సూప్‌ని "చోర్బా" అంటారు, మన షోర్బానే. వచ్చిన కొత్తలో కూరగాయల మార్కెట్లో నాకు ధైర్యం ఇచ్చినవి ఈ మాటలే.

తెనాలి_మాస్టారు
ఆ రైతు దగ్గర్నుంచే 1804 కథ చెప్పుకోవాలి. చరిత్రపిచ్చోడు అన్నది సగం నిజం.

బెల్‌గ్రేడ్ పాషాలిక్ ఒట్టోమన్ సామ్రాజ్యపు సరిహద్దు రాష్ట్రం. అక్కడ ముస్తఫా పాషా అనే గవర్నర్ సెర్బులతో మంచిగా ఉండేవాడు. సొంత పెద్దల చేత పన్ను వసూలు చేసుకోనిచ్చాడు, ఆయుధాలు కూడా పట్టనిచ్చాడు. ఇది గిట్టని జానిసరీలు, అంటే ఒట్టోమన్ కాల్బలం వాళ్ళు, 1801లో ఆయన్ని చంపి, వాళ్ళ నాయకులు నలుగురు రాష్ట్రాన్ని పంచుకున్నారు. వీళ్ళని దాహీలు అంటారు. సుల్తాన్ మాట కూడా వినేవాళ్ళు కాదు. 1804 మొదట్లో, తిరుగుబాటు రాకముందే తలలు తీసేద్దామని, ఊరి పెద్దల్ని పట్టుకుని వరసగా చంపారు. బతికి బయటపడ్డవాళ్ళు ఫిబ్రవరి 15న ఒరాషత్స్ అనే ఊళ్ళో ఒక వాగు లోయలో చేరి, పందుల వ్యాపారి కారాజార్జెని నాయకుడిగా ఎన్నుకున్నారు.

మొదట వాళ్ళు తిరగబడింది సుల్తాన్ మీద కాదు, సుల్తాన్‌ని ధిక్కరించిన దాహీల మీద. రెండేళ్ళలో అంతా మారింది. 1805లో పాలక మండలి పెట్టుకున్నారు. 1806 చివరికి బెల్‌గ్రేడ్ పట్టుకున్నారు. 1808లో బెల్‌గ్రేడ్‌లో "గొప్ప బడి" తెరిచారు. దొసితేయ్ ఒబ్రాదోవిచ్ అనే పండితుడు పెద్ద వయసులో వచ్చి విద్యాశాఖ చూశాడు. ప్రాణభయంతో పట్టిన కత్తి, నాలుగేళ్ళు తిరిగేసరికి బడి కట్టింది. ప్రాణభయం ఒక్కటే అయితే బడి దాకా వెళ్ళదు నాయనా. అక్కడే సుధమ్మ చెప్పిన జ్ఞాపకం పనిచేసింది. నేను బళ్ళో చెప్పిన ముప్పై ఏళ్ళూ ఈ వాక్యం దగ్గర ఆగేవాణ్ణి.

1813లో రష్యా నెపోలియన్‌తో తలమునకలై ఉండగా ఒట్టోమన్లు తిరిగొచ్చి అంతా తుడిచేశారు. కారాజార్జె ఆస్ట్రియాకి పారిపోయాడు.

బెల్‌గ్రేడ్_సుధ
తుడిచేశారు అన్నమాటకి నీశ్‌లో ఒక గుర్తుంది. 1809లో చెగార్ గుట్ట మీద స్టెవాన్ సింజెలిచ్ అనే దళపతి, శత్రువులు కందకంలోకి దిగగానే సొంత మందుగుండుకే నిప్పు పెట్టాడు. తర్వాత పాషా చనిపోయిన సెర్బుల పుర్రెలతో బురుజు కట్టించాడు. మొత్తం 952 పుర్రెలు, ఇప్పుడు 58 మిగిలాయి. చుట్టూ చిన్న చాపెల్ కట్టారు. మా అమ్మాయి లోపలికి రానంది, నేను ఒక్కదాన్నే వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 15, 16 ఇక్కడ సెలవు. "రాజ్యత్వ దినం" అంటారు. స్వాతంత్ర్య దినం అనరు.

కృష్ణాతీరం_రవి
మరి 1830 ఆప్షన్ ఎందుకిచ్చారు?

నల్లగొండ_నరేశ్
1830 అంటే మిలోష్ ఒబ్రెనోవిచ్ తమ్మీ. అసలు రాజ్యం కట్టినోడు ఆయనే అని నా పట్టు. 1815లో తాకొవోల రెండో తిరుగుబాటు లేపిండు, కొన్ని నెలలు కొట్లాడిండు, మంచిగ ఆగిండు. పాషాతోని మాట్లాడుకున్నడు. ఆడికెల్లి పదిహేనేండ్లు ఇస్తాంబుల్ల ఎవరికి ఎంత ముట్టజెప్పాల్నో అంత ముట్టజెప్పి, ఒక్కొక్క హక్కు కొనుక్కున్నడు. చదువు రాదు, సంతకం రాదు. 1830ల సుల్తాన్ ఫర్మానా ఇచ్చిండు: అంతర్గత పాలన సెర్బులదే, మిలోష్ వంశం వారసత్వ పాలకులు. కారాజార్జె కత్తితోని గెలిచింది తొమ్మిదేండ్లల్ల పోయింది, ఈయన పైసలతోని కొన్నది నిలవడ్డది.

చరిత్రపిచ్చోడు
నరేశ్ అన్నా, 1817లో కారాజార్జె రహస్యంగా తిరిగొస్తే నిద్రలో చంపించి తల ఇస్తాంబుల్ పంపించింది కూడా ఆ మిలోషే. ఆ రెండు వంశాల పగ 1903 దాకా సాగింది. రాజ్యం కట్టినవాడు అని ఒప్పుకుంటా, కానీ లెక్కలో ఇది కూడా వెయ్యాలి.

నల్లగొండ_నరేశ్
వేసుకో అన్నా. నేను దేవుడన్లే, కట్టినోడన్న.

లాయరమ్మ
మిలోష్ మీద అలిగిన పెద్దలు 1835లో ఆయన చేత ఒక రాజ్యాంగం ఒప్పించారు. క్రాగుయెవత్స్‌లో, మళ్ళీ అదే ఫిబ్రవరి 15న. సుధ గారు చెప్పిన సెలవు ఈ రెండిటికీ కలిపి. రాసినవాడు దిమిత్రియె దవిదోవిచ్. అందులో ఒక వాక్యం ఉంది: బానిస సెర్బియా నేల మీద కాలు పెట్టిన క్షణం నుంచి స్వతంత్రుడు. భూమి మీద పాత దొరతనాలు చెల్లవనీ అందులో ఉంది. పక్కన ఉన్న మూడు సామ్రాజ్యాలూ, ఒట్టోమన్, రష్యా, ఆస్ట్రియా, ముగ్గురికీ నచ్చలేదు. కొన్ని వారాల్లోనే మిలోష్ పక్కన పెట్టేశాడు. ఆయనకీ నచ్చలేదు కదా మరి.

1830 తర్వాత కూడా కోటల్లో టర్కీ దండు ఉండేది. 1862లో బెల్‌గ్రేడ్‌లో ఒక నీళ్ళ కుళాయి దగ్గర గొడవలో ఒక సెర్బు కుర్రాడు చనిపోతే, పోరు మొదలై కోటలోంచి ఊరి మీద ఫిరంగులు పేల్చారు. 1867లో కోటల తాళాలు ప్రిన్స్ మిహైలో చేతికి ఇచ్చి దండు వెళ్ళిపోయింది. అయినా సుల్తాన్ జెండా సెర్బియా జెండా పక్కనే ఇంకో తొమ్మిదేళ్ళు ఎగిరింది. అది రాసుకున్న షరతు.

1878 జులై 13, బెర్లిన్ ఒప్పందం. అప్పుడు పూర్తి స్వాతంత్ర్యం, నీశ్, పిరోత్, వ్రాన్యె, లెస్కొవత్స్ ప్రాంతాలతో సహా. అదే సమయంలో ఆ ప్రాంతాల నుంచి అల్బేనియన్లు, ఇతర ముస్లింలు పెద్ద సంఖ్యలో వెళ్ళగొట్టబడ్డారు. ఈ మాట లేకుండా 1878 చెప్పడం నాకు ఇష్టం లేదు. కొసావో గాయంలో ఒక మూలం ఇక్కడ ఉంది.

బెల్‌గ్రేడ్_సుధ
ఆ తాళాల అప్పగింతకి కలెమెగ్దాన్ కోటలో గుర్తు ఉంది. రోజూ సాయంత్రం నడకకి అటే వెళ్తాను.

నల్లగొండ_నరేశ్
1878ల కాయితం మీద వచ్చింది. కానీ 1881ల సెర్బియా ఏలిక మిలాన్ ఆస్ట్రియాతోని రహస్య ఒప్పందం చేసుకున్నడు కదా? ఆస్ట్రియాను అడగకుంట ఎవ్వరితోని ఒప్పందాలు చెయ్యనని. దానికి బదులు 1882ల కింగ్ అయితే వాళ్ళు అడ్డుపడలే. అగో, రవి లిస్టుల 1882 అదే. గది స్వాతంత్ర్యమా?

అన్నపూర్ణ_బి
అయితే నా ఓటు పందుల యుద్ధానికండీ. నవ్వకండి, పేరే అది. 1906లో సెర్బియా ఫిరంగులు ఆస్ట్రియా వాళ్ళ దగ్గర కాకుండా ఫ్రాన్స్‌లో కొంటానంది, బల్గేరియాతో సుంకాల ఒప్పందం చేసుకోబోయింది. కోపం వచ్చి ఆస్ట్రియా సరిహద్దు మూసేసింది, సెర్బియా పందులు రావడానికి వీల్లేదని. అప్పటికి సెర్బియా ఎగుమతుల్లో చాలా భాగం అటే పోయేవి. ఇక దేశం పని అయిపోయిందనుకున్నారు అందరూ. వీళ్ళు ఏం చేశారంటే, పందుల్ని ప్రాణంతో తోలడం మానేసి మాంసం చేసి డబ్బాల్లో పెట్టి, సలోనికా రేవు మీదుగా దూరదేశాలకి పంపారు. పొరుగువాడి దయ మీద బతకక్కర్లేదని అప్పుడు తెలిసింది. కారాజార్జె కూడా పందుల వ్యాపారే కదా, ఆ దేశానికి పంది కలిసొచ్చింది.

తెనాలి_మాస్టారు
అన్నపూర్ణమ్మా, పదేళ్ళ కిందట ఇది చెప్పి ఉంటే క్లాసులో వాడుకునేవాణ్ణి.

కృష్ణాతీరం_రవి
ఒకటి అర్థం కావట్లేదు. ఇంత కష్టపడి తెచ్చుకున్న దేశాన్ని 1918లో, అదీ యుద్ధం గెలిచి, యుగోస్లావియాలో ఎందుకు కలిపేశారు?

తెనాలి_మాస్టారు
మంచి ప్రశ్న. దానికి ముందు 1915 చూడు. సారాయెవో హత్య, 1914 జులై 28న ఆస్ట్రియా యుద్ధ ప్రకటన, ఇవి నీకు తెలుసు. ఆ ఏడాది సెర్బియా రెండుసార్లు ఆస్ట్రియాని తరిమింది, సెర్ కొండ దగ్గర ఒకసారి, కొలుబారా నది దగ్గర ఒకసారి. 1915 అక్టోబర్లో జర్మనీ, ఆస్ట్రియా, బల్గేరియా మూడూ కలిసి వచ్చాయి. లొంగిపోవచ్చు, కానీ లొంగలేదు. ముసలి రాజు పీటర్‌తో సహా సైన్యం, మంత్రులు, మామూలు జనం చలికాలంలో అల్బేనియా కొండలు దాటి సముద్రం చేరారు. దారిలో ఆకలికీ చలికీ పోయినవాళ్ళకి లెక్కలేదు. మిగిలినవాళ్ళని ఓడల్లో గ్రీసు దీవి కోర్ఫూకి చేర్చారు. పక్కనే విదో అనే చిన్న దీవిలో ఆస్పత్రి. అక్కడ పాతిపెట్టడానికి చోటు చాలక శవాల్ని సముద్రంలో దించారు. ఆ నీళ్ళని "నీలి సమాధి" అంటారు.

1916లో సెర్బియా పార్లమెంటు కోర్ఫూలో సమావేశమైంది. నేల మొత్తం శత్రువు చేతిలో ఉంది, రాజ్యం మాత్రం పరాయి దీవిలో సభ నడుపుతోంది. నరేశ్ ఇందాక జాగ, ఇల్లు అన్నాడు కదా. ఇక్కడ జాగే లేదు, ఇల్లుంది.

1917 జులై 20న అదే దీవిలో సెర్బియా ప్రధాని పాషిచ్, ఆస్ట్రియా ఏలుబడిలోని దక్షిణ స్లావుల ప్రతినిధి త్రుంబిచ్ కలిసి ఒకే రాజ్యం ప్రకటన మీద సంతకాలు పెట్టారు. సెర్బుల్లో చాలామంది సరిహద్దు అవతల, బోస్నియాలో, క్రొయేషియాలో, వోయ్‌వోదినాలో ఉన్నారు. అందరూ ఒకే రాజ్యంలోకి రావాలంటే సెర్బియా తన పేరు వదులుకోవాలి. 1918 డిసెంబర్ 1న వదులుకుంది. 1929లో రాజు అలెగ్జాండర్ దేశాన్ని యుగోస్లావియా అన్నాక, రాష్ట్రాల్లో చాలావాటికి నదుల పేర్లు పెట్టారు. సెర్బియా అన్న పేరు మ్యాపు మీదే లేదు.

చరిత్రపిచ్చోడు
దీన్ని త్యాగం అంటారు సెర్బులు. క్రొయేషియన్లని అడిగితే, పేరు వదిలినా రాజు, సైన్యం, రాజధాని సెర్బియావే కదా అంటారు. 1928లో వాళ్ళ నాయకుడు రాదిచ్‌ని పార్లమెంటు లోపలే కాల్చారు. రెండు వైపులా వినాలి.

అన్నపూర్ణ_బి
మా నాన్నగారు 1961లో బెల్‌గ్రేడ్ అలీనోద్యమ సభ గురించి రేడియోలో విన్నారట. నెహ్రూ, టీటో, నాసర్ పేర్లు ఆయన నోట్లో ఒకే ఊపిరిలో వచ్చేవి. సెర్బియా అన్న మాట మాత్రం ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. యుగోస్లావియా అంతే.

బెల్‌గ్రేడ్_సుధ
ఆ కాలం గురించి మా ఇంటి ఓనరమ్మ దగ్గర విన్నాను. 1950లో పుట్టారు, ఈ బిల్డింగ్‌లోనే. మొదటిసారి వాళ్ళింటికి వెళ్తే ముందు ఒక చెంచా పండ్ల తీపి, గ్లాసు నీళ్ళు ఇచ్చారు. ఇక్కడి ఆచారం. తర్వాత ఏదో బిల్లు వెతుకుతూ కాగితాల డబ్బా తెరిచారు. పుట్టిన సర్టిఫికెట్ మీద ఫెడరల్ పీపుల్స్ రిపబ్లిక్ ఆఫ్ యుగోస్లావియా. పెళ్ళి కాగితం మీద సోషలిస్ట్ ఫెడరల్ రిపబ్లిక్. 1990ల పాస్‌పోర్ట్ మీద ఫెడరల్ రిపబ్లిక్, ముందు మాటలు పోయాయి. ఒక కరెంటు కాగితం మీద సెర్బియా, మాంటెనెగ్రో. పెన్షన్ కాగితం మీద సెర్బియా. ఐదు దేశాలు, ఒకటే తలుపు. "ఇందులో మీ దేశం ఏది?" అని అడిగాను. ఆవిడ పాస్‌పోర్ట్ పక్కన పెట్టి, గోడ మీద స్లావా సాధువు పటం చూపించారు. ఆవిడ భర్త అక్కడే ఉన్నారు, ఒప్పుకోలేదు. ఆయన దేశం యుగోస్లావియానేనట, ఇప్పటికీ.

ఫుట్‌బాల్_బాషా
జొకోవిచ్ కూడా 1987లో బెల్‌గ్రేడ్‌లో పుట్టాడు, అంటే యుగోస్లావియాలో. మొదట్లో సెర్బియా అండ్ మాంటెనెగ్రో జెండా కింద ఆడాడు, తర్వాత సెర్బియా. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా లాయరమ్మ గారూ.

లాయరమ్మ
ఓటు వెనక్కి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క చెప్తాను. వారసత్వం అంటే ఆస్తి ఒక్కటే కాదు, అప్పు కూడా.

1992లో మిగతా రిపబ్లిక్కులు పోయాక సెర్బియా, మాంటెనెగ్రో కలిసి "మేమే పాత యుగోస్లావియా" అన్నాయి. ఐక్యరాజ్యసమితి ఒప్పుకోలేదు, కొత్తగా దరఖాస్తు పెట్టుకోమంది. అప్పటి అధ్యక్షుడు మిలోషెవిచ్ దిగిపోయాక 2000 నవంబర్ 1న కొత్త సభ్యదేశంగానే చేరాల్సి వచ్చింది.

2006లో సమాఖ్య వారసత్వం సెర్బియాకి వచ్చింది అన్నాను కదా. దాంతో బోస్నియా వేసిన కేసూ వచ్చింది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం మగవాళ్ళనీ పిల్లలనీ చంపింది. 2007 ఫిబ్రవరి 26న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ జాతిసంహారాన్ని ఆపాల్సిన బాధ్యతని సెర్బియా నెరవేర్చలేదని తీర్పు చెప్పింది. సెర్బియా తానే చేసిందని కోర్టు అనలేదు, ఆపలేదంది. ఈ కేసులో ప్రతివాది మాంటెనెగ్రో కాదు, సెర్బియా ఒక్కటే అనీ తేల్చింది. దుషాన్ చట్టాన్ని మాది అనుకునే దేశం ఈ తీర్పునీ మాది అనుకోవాలి. నాకు ఆ రెండూ ఒకే పుస్తకంలో పేజీలు.

నల్లగొండ_నరేశ్
మరి కొసావో? 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం అన్నరు. సెర్బియా ఒప్పుకోదు. మనమూ గుర్తించలే.

లాయరమ్మ
అవును, భారత్ గుర్తించలేదు. 1999లో నాటో 78 రోజుల బాంబు దాడుల తర్వాత భద్రతామండలి 1244 తీర్మానం కొసావోని ఐక్యరాజ్యసమితి పాలన కింద పెట్టింది. 2010 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం, స్వాతంత్ర్య ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని సలహా చెప్పింది. కానీ కొసావో దేశమా కాదా అన్నది ఆ ప్రశ్నలో లేదు, వాళ్ళు దాని జోలికి పోలేదు. పెచ్ పీఠం, 1389 మైదానం రెండూ అక్కడే ఉన్నాయి. అక్కడ ఉంటున్న జనంలో అత్యధికులు అల్బేనియన్లు. ఒకరు జ్ఞాపకం చూపిస్తారు, ఇంకొకరు ఉన్న మనుషుల్ని చూపిస్తారు. నేను మనుషుల వైపు మొగ్గుతాను.

బెల్‌గ్రేడ్_సుధ
ఇక్కడ ఈ విషయం మాట్లాడేటప్పుడు నేను వింటాను అంతే. ఇంటి ఓనరమ్మ అన్న అక్కడి నుంచి 1999లో సామాను లేకుండా వచ్చేశాడు.

కృష్ణాతీరం_రవి
అందరికీ చాలా థాంక్స్. కోచింగ్ సెంటర్‌కి అభ్యంతరం రాసి ఇస్తున్నాను. ఒకసారి చూడండి:

"సెర్బియా రాజ్యం 1217లో కిరీటంతో, 1219లో స్వతంత్ర చర్చితో నిలబడింది. 1389లో ఒట్టోమన్ల చేతిలో అంతమైంది. 1804 తిరుగుబాటుతో తిరిగి మొదలై, 1830లో స్వయంపాలన, 1878లో స్వాతంత్ర్యం పొందింది. 1918లో స్వచ్ఛందంగా యుగోస్లావియాలో కలిసింది. 2006లో మాంటెనెగ్రో వెళ్ళిపోగా సమాఖ్యకి వారసురాలిగా మిగిలింది. కనుక 'స్వతంత్ర రాజ్యంగా అవతరించింది' అన్న ప్రశ్నకి 1878 సరైన జవాబు."

తెనాలి_మాస్టారు
బాగుంది. రెండో వాక్యంలో 1389 కొట్టేసి 1459 రాయి.